విశాఖపట్నంలో ఇంటికి చిన్న డిజిటల్ రేడియోను ఎంచుకోవడం ఎలా

వంటింటి గట్టు మీదనో, పెద్దవారి మంచం పక్కనో పెట్టుకొని వినడానికి, అవసరమైనప్పుడు చేత్తో పట్టుకొని మేడ మీదికి తీసుకువెళ్ళడానికి వీలుగా ఉండే చిన్న రేడియో కొనాలనుకునేవారికి దుకాణాలలో రకాలకు కొదవ లేదు. అయితే ఏది అందంగా ఉంది, దేనిలో మీటలు ఎక్కువ ఉన్నాయి అని చూసి కొంటే, తీరా ఇంటికి వచ్చాక ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రమే సరిగా పట్టకపోవచ్చు. విశాఖలో రేడియో కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది ఈ ఊళ్ళో ఏ ప్రసారాలు ఏ తరంగాల మీద వస్తున్నాయన్న సంగతి. ఆ తరువాత తమ ఇల్లు ఎలాంటి చోట ఉందో చూసుకోవాలి. రేడియో పెట్టె ఎంపిక ఈ రెండింటి తరువాతే వస్తుంది.

1. ఏమి వినాలనుకుంటున్నారో కాగితం మీద రాసుకోండి

ఇంట్లో ఎవరు ఏమి వింటారో అడిగి, ఆ స్టేషన్ల పేర్లనూ అంకెలనూ ఒక కాగితం మీద రాయండి. విశాఖలో ఎఫ్.ఎం. మీద వినిపించే ప్రధాన స్టేషన్లు ఇవి: రేడియో సిటీ 91.1, బిగ్ ఎఫ్.ఎం. 92.7, రెడ్ ఎఫ్.ఎం. 93.5, మిర్చి 98.3, ఆకాశవాణి వారి రెయిన్‌బో 102.0 మెగాహెర్ట్జ్. వీటికి తోడు మీడియం వేవ్ (రేడియోల మీద ఎం.డబ్ల్యు. అనో ఏ.ఎం. అనో రాసి ఉండే బ్యాండ్) మీద 927 కిలోహెర్ట్జ్ వద్ద ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం ఉంది. 1963లో మొదలైన ఈ కేంద్రం 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో నగరానికే కాక ఉత్తరాంధ్ర పల్లెలకూ, సముద్రం మీద ఉన్న వేటపడవలకూ వినిపిస్తుంది.

మీ ఇంట్లో కేవలం సినిమా పాటలు, కబుర్లు మాత్రమే వింటారనుకుంటే ఎఫ్.ఎం. ఒక్కటే ఉన్న రేడియో సరిపోతుంది, అప్పుడు ఈ వ్యాసంలో సగం మీకు అవసరం లేదు. కాని వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు, శాస్త్రీయ సంగీతం, నాటికలు, ప్రసంగాలు వినే అలవాటు ఉన్నవారు ఇంట్లో ఒక్కరున్నా మీడియం వేవ్ తప్పనిసరి. నా అభిప్రాయంలో ఎవరూ వినకపోయినా విశాఖ ఇంటికి మీడియం వేవ్ ఉండాలి. ఎందుకో బ్యాటరీల గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

షార్ట్ వేవ్ విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. దూరదేశాల ప్రసారాలు వెతికి వినే సరదా ఉన్నవారికి అది కావాలి గాని, రోజూ తెలుగు వినడానికి దానితో పని లేదు. ఆ బ్యాండ్ ఉన్న రేడియో దొరికితే వద్దనకండి, దాని కోసమే ఎక్కువ డబ్బు మాత్రం పెట్టకండి.

2. పెట్టె మీద రాసిన డిజిటల్ రేడియో ఏ రకానిదో తేల్చుకోండి

ఇక్కడ తొందరపడితే డబ్బు వృథా అవుతుంది కాబట్టి నెమ్మదిగా చదవండి. దుకాణంలో డిజిటల్ రేడియో అని అడిగితే మీ చేతికి వచ్చేవి సాధారణంగా అంకెలు కనిపించే తెర, స్టేషన్‌ను అంకెలతో పట్టుకునే మీటలు ఉన్న రేడియోలు. వీటిలో స్టేషన్ నుంచి వచ్చే ప్రసారం పాతదే, అంటే అనలాగ్ ప్రసారమే. రేడియో లోపలి చిప్ మాత్రమే దానిని అంకెలుగా మార్చి శుద్ధి చేస్తుంది. విశాఖ ఇంటికి కావలసింది ఈ రకమే. ముల్లును తిప్పుతూ స్టేషన్ కోసం వెతకనక్కరలేదు, ఒకసారి పట్టిన స్టేషన్ జారిపోదు, నచ్చిన స్టేషన్లను ఒక్కొక్క మీటకు కేటాయించుకోవచ్చు.

రెండో రకం, ప్రసారమే డిజిటల్ రూపంలో వచ్చే రేడియో. ఇందులోనూ దేశానికొక పద్ధతి ఉంది. బ్రిటన్, నార్వే, ఆస్ట్రేలియా వంటి దేశాలలో డి.ఏ.బి. అనే పద్ధతి నడుస్తోంది. నార్వేలో 2017లో దేశవ్యాప్త స్టేషన్ల ఎఫ్.ఎం. ప్రసారాలను ఆపివేసి వాటిని పూర్తిగా డి.ఏ.బి. మీదికి మార్చారు. అమెరికాలో హెచ్.డి. రేడియో అనే మరొక పద్ధతి ఉంది. మన దేశంలో డి.ఏ.బి. ప్రసారాలు లేవు. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు ప్రేమతో డి.ఏ.బి. రేడియో తెచ్చి ఇస్తే అది ఇక్కడ కేవలం ఎఫ్.ఎం. రేడియోగా పనిచేస్తుంది. అలాంటి రేడియోలలో చాలావాటికి మీడియం వేవ్ ఉండదు కాబట్టి 927 అందులో వినబడదు. ఎవరైనా తెస్తామంటే ముందుగానే ఈ విషయం చెప్పడం మంచిది.

ఆకాశవాణి ఎంచుకున్న డిజిటల్ పద్ధతి డి.ఆర్.ఎం. ఇది మీడియం వేవ్, షార్ట్ వేవ్ తరంగాల మీదనే గరగర లేని ధ్వనిని అందిస్తుంది. ఒకే ట్రాన్స్‌మిటర్ నుంచి ఒకటి కంటే ఎక్కువ కార్యక్రమాలను, వాటితో పాటు తెర మీద చదువుకునే సమాచారాన్నీ పంపే వీలు దీనిలో ఉంది. ఆకాశవాణి తన మీడియం వేవ్ కేంద్రాలలో కొన్నింటికి డి.ఆర్.ఎం. ట్రాన్స్‌మిటర్లు అమర్చింది. తెలుగు కేంద్రాలలో హైదరాబాదు 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్లు ఆ జాబితాలో ఉన్నాయి, అవి డిజిటల్‌తో పాటు మామూలు రేడియోకు అందే అనలాగ్ ప్రసారాన్నీ పంపుతాయి. విశాఖపట్నం 927 మాత్రం అనలాగ్ ప్రసారమే. మన ఎఫ్.ఎం. స్టేషన్లన్నింటినీ మామూలు ఎఫ్.ఎం. రేడియోతోనే వినవచ్చు.

అందువల్ల విశాఖలో ఉన్నవారు ఇంటి అవసరానికి డి.ఆర్.ఎం. రేడియో కొనవద్దని నా సలహా. మామూలు రేడియోకు పెట్టే డబ్బుకు ఎన్నో రెట్లు పెట్టి కొన్నా, ఊరి కేంద్రంలో ఆ ప్రసారం లేనప్పుడు దాని ప్రయోజనం అందదు. రాత్రి వేళ విజయవాడ, హైదరాబాదు డిజిటల్ ప్రసారం ఇక్కడిదాకా వచ్చినా, దూరపు తరంగం హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అనలాగ్‌లో అయితే ధ్వని సన్నబడి మళ్ళీ పుంజుకుంటుంది, డిజిటల్‌లో మధ్య మధ్య పూర్తిగా ఆగిపోతుంది. ఒక వార్త సగంలో మాయమైతే వినేవారికి ఎంత విసుగో వేరే చెప్పనక్కరలేదు. డి.ఆర్.ఎం. మంచి పద్ధతి అనడంలో నాకు సందేహం లేదు. మన కేంద్రానికి అది వచ్చిన రోజున కొనుక్కుందాం.

3. స్టేషన్ల మధ్య అంతరం మన దేశానికి సరిపోతుందో లేదో చూడండి

అంకెల రేడియో కొనేవారిలో చాలామంది గమనించని విషయం ఇది. ముల్లు తిప్పే పాత రేడియోలో మీరు ఏ చోటనైనా ఆగవచ్చు. అంకెల రేడియో మెట్లు మెట్లుగా కదులుతుంది, ఆ మెట్ల మధ్య ఉన్న చోట ఆగదు. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ అంతరంతో ఉంటాయి. 531, 540, 549 ఇలా సాగుతూ వస్తే 927 సరిగ్గా ఆ వరుసలోనే పడుతుంది, 738, 837 కూడా అంతే. అమెరికా కోసం చేసిన రేడియో పదేసి కిలోహెర్ట్జ్ చొప్పున కదులుతుంది కాబట్టి 920 తరువాత 930కి దూకుతుంది. 930 దగ్గర ఆకాశవాణి వినిపించవచ్చు గాని గొంతు ముక్కుతో మాట్లాడినట్టు, అంచులు చిట్లినట్టు ఉంటుంది. కొన్నవారు స్టేషన్‌దే లోపమనుకుంటారు.

ఎఫ్.ఎం.లోనూ ఇలాంటి చిక్కే ఉంది. అమెరికా అంతరంలో చుక్క తరువాత బేసి అంకెలే వస్తాయి. 91.1, 92.7, 93.5, 98.3 అన్నీ బేసివే కాబట్టి ఇబ్బంది ఉండదు, రెయిన్‌బో 102.0 మాత్రం 101.9కీ 102.1కీ మధ్య ఇరుక్కుపోతుంది. ఇక జపాన్ దేశం కోసం చేసిన పాత రేడియోలలో ఎఫ్.ఎం. 76 దగ్గర మొదలై 90 దగ్గరే ఆగిపోతుంది, అందులో మన స్టేషన్లలో ఒక్కటీ రాదు. కొనే రేడియోలో ఎఫ్.ఎం. 87.5 నుంచి 108 వరకు ఉందా, మీడియం వేవ్ సుమారు 530 నుంచి 1600 పైదాకా ఉందా అని పెట్టె మీద చదవండి.

మంచి రేడియోలలో ఈ అంతరాన్ని 9, 10 మధ్య మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. సాధారణంగా రేడియో ఆపి ఉన్నప్పుడు ఒక మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే అది మారుతుంది, ఏ మీట అన్నది వెంట వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది. టెక్సన్ సంస్థ వారి పి.ఎల్-310 ఇ.టి., పి.ఎల్-380 వంటి చిన్న రేడియోలలో ఈ సౌకర్యం ఉంది. వెతికేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: 927 బదులు 972 కొడితే రాత్రి వేళ కటక్ కేంద్రం ఒడియా ప్రసారం వినబడుతుంది. అంకెలు తారుమారు చేసి, విశాఖ కేంద్రం పట్టడం లేదని రేడియోను తిరిగి ఇవ్వకండి.

4. మీ ఇల్లు ఉన్న చోటును లెక్కలోకి తీసుకోండి

ఎఫ్.ఎం. తరంగాలు చూపు సాగినంత మేరకు నేరుగా పోతాయి, కొండ అడ్డు వస్తే బలహీనపడతాయి. విశాఖ కొండల మధ్య పెరిగిన ఊరు. యారాడ కొండ వెనుక ఉన్న ఇళ్ళకూ, సింహాచలం కొండల చుట్టూ ఉన్న అడవివరం వంటి చోట్లకూ ఎఫ్.ఎం. అందే తీరు బీచిరోడ్డు మీదనో ద్వారకానగర్‌లోనో ఉన్నట్టుగా ఉండదు. అలాంటి చోట ఉన్నవారు బయటికి లాగే పొడవాటి ఏరియల్ ఉన్న రేడియోనే ఎంచుకోవాలి. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 75 సెంటీమీటర్లు, ఏరియల్‌కు ఆదర్శమైన పొడవు. చిన్న రేడియోలకు అంత పొడవు ఉండకపోయినా, దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు.

పాటల కోసం అమ్మే చిన్న బ్లూటూత్ స్పీకర్లలో ఎఫ్.ఎం. ఉందని చెప్తారు గాని వాటిలో చాలావాటికి ఏరియల్ ఉండదు, ఛార్జింగ్ తీగనే ఏరియల్‌గా వాడుకుంటాయి. కొండకు దూరంగా, స్టేషన్‌కు దగ్గరగా ఉన్నవారికి అవి పనిచేస్తాయి. మీడియం వేవ్ మాత్రం వాటిలో సాధారణంగా ఉండదు. అది రేడియో కాదని అనను, ఇంటికి అదొక్కటే రేడియో అయితే మాత్రం చాలదంటాను.

మీడియం వేవ్‌కు కొండలు పెద్ద అడ్డు కావు. ఆ తరంగాలు నేలను అంటుకొని సాగుతాయి, ఉప్పు నీటి మీద ఇంకా చక్కగా సాగుతాయి. వాటికి అడ్డు మన ఇళ్ళ లోపలే ఉంది. ఇనుప చువ్వలతో కట్టిన అపార్ట్‌మెంట్ గోడలు తరంగాన్ని బాగా తగ్గిస్తాయి. ఎల్.ఇ.డి. బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఇన్వర్టర్లు ఆ బ్యాండ్‌లోకి బర్రుమనే శబ్దాన్ని చిమ్ముతాయి. కాబట్టి వాటా ఇంట్లో ఉన్నవారికి మీడియం వేవ్‌లో బలమైన రేడియో మరీ అవసరం.

మీడియం వేవ్ బలం రేడియో లోపల ఉండే నల్లని ఫెరైట్ కడ్డీ మీద ఆధారపడుతుంది. ఆ కడ్డీకి తీగ చుట్టి ఉంటుంది, మీడియం వేవ్‌కు అదే ఏరియల్. బయటికి లాగే ఏరియల్ ఎంత పొడవు లాగినా 927కు తేడా రాదు. కడ్డీ ఎంత పొడవుంటే తరంగాన్ని అంత బాగా పట్టుకుంటుంది, రేడియో వెడల్పు కంటే పొడవైన కడ్డీ లోపల పట్టదు. అందుకే జేబులో పట్టేటంత చిన్న రేడియోలు మీడియం వేవ్‌లో నీరసంగా ఉంటాయి. ఇంటి వాడకానికి కనీసం ఒక జానెడు వెడల్పు ఉన్నదాన్ని తీసుకోండి.

5. కరెంటు లేని రోజును దృష్టిలో పెట్టుకొని బ్యాటరీని ఎంచుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవారికి ఈ అంశం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్ టవర్లు పనిచేయలేదు, చేతిలోని ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. అలాంటి వేళ తుపాను హెచ్చరిక కేంద్రం వారి సూచనలూ, నీళ్ళూ పాలూ ఎక్కడ ఇస్తున్నారన్న కబురూ ఇంటికి చేర్చగలిగింది సెల్ వేసుకొని వినే రేడియో ఒక్కటే. ఫోన్‌లో యాప్ ద్వారా ఆకాశవాణిని వినడం మామూలు రోజులలో హాయిగానే ఉంటుంది, కాని ఆ యాప్‌కు ఇంటర్నెట్ కావాలి.

ఈ కారణం వల్లనే నేను మీడియం వేవ్ ఉండాలంటున్నాను. ఊళ్ళోని ప్రసార కేంద్రాలన్నీ గాలివానకు దెబ్బతిన్నా, చీకటి పడ్డాక విజయవాడ 837, హైదరాబాదు 738 ప్రసారాలు ఆకాశం మీదుగా మన దాకా వస్తాయి. పగటి పూట సూర్యరశ్మి వల్ల పైవాతావరణంలో ఏర్పడే ఒక పొర మీడియం వేవ్‌ను పీల్చేసుకుంటుంది, రాత్రి ఆ పొర తొలగి, ఇంకా పైనున్న పొర తరంగాలను తిరిగి నేల మీదికి వంచుతుంది. ఎఫ్.ఎం.కు అంత దూరం చేరే శక్తి లేదు.

ఇక బ్యాటరీ ఏది? చిన్న రేడియోలు మూడు తీరులుగా ఉంటాయి. కొన్నింటికి పెన్సిల్ సెల్స్ వేస్తారు, కొన్నింటికి పాత ఫోన్లలో వాడిన పలక లాంటి బి.ఎల్-5సి బ్యాటరీ ఉంటుంది, కొన్నింటికి 18650 అనే గుండ్రని లిథియం సెల్ ఉంటుంది. బయటికి తీయడానికి వీలు లేకుండా లోపలే అతికించిన బ్యాటరీ ఉన్న రేడియోను, ఎంత బాగున్నా, ఇంటి ఏకైక రేడియోగా కొనవద్దు. కొన్నేళ్ళకు ఆ బ్యాటరీ చచ్చిపోతే రేడియోను అవతల పడేయవలసి వస్తుంది. పెన్సిల్ సెల్స్ వేసేదానికే నా ఓటు, ఎందుకంటే అవి ఏ వీధిలోని కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, తుపాను కబురు రాగానే నాలుగు కొని పెట్టుకోవచ్చు. ఆల్కలైన్ సెల్స్ వేస్తే మితమైన ధ్వనితో పదుల గంటలు నడుస్తుంది. ఛార్జ్ చేసుకునే సెల్స్ వాడాలనుకుంటే అవి 1.5 వోల్టులు కాక 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి, వాటితో పనిచేస్తుందని పుస్తకంలో రాసి ఉందో లేదో చూసుకోండి.

చేత్తో తిప్పి ఛార్జ్ చేసుకునే రేడియోలు, సౌర పలక ఉన్నవి కూడా అమ్ముతారు. అవి రెండో రేడియోగా ఉంటే మంచిదే. పిడి ఎంతసేపు తిప్పినా లోపలి చిన్న బ్యాటరీ పట్టుకునేది కొద్దిపాటి విద్యుత్తే కాబట్టి రోజూ వినడానికి అవి చాలవు.

6. వాడేవారి చేతినీ చెవినీ గుర్తు పెట్టుకోండి

ఇంట్లో పెద్దవారికి కొంటున్నట్లయితే రేడియోను వారి చేతికే ఇచ్చి చూడాలి. ధ్వని పెంచడానికి గుండ్రంగా తిప్పే చక్రం ఉంటే వారికి సులువు. పదేపదే నొక్కవలసిన చిన్న మీటలైతే వేళ్ళు వణికేవారికి కష్టం. స్టేషన్లు మార్చడానికి 1, 2, 3 అంకెలు రాసిన విడి మీటలు ఉంటే, మీరు ఒకసారి 927ను మొదటి మీటకు, 102.0ను రెండో మీటకు కేటాయించి ఇస్తే చాలు, ఇక వారు తెర చదవనక్కరలేదు. మీటలకు తాళం వేసే ఏర్పాటు ఉంటే దుమ్ము దులిపేటప్పుడు పొరపాటున స్టేషన్ మారదు.

ధ్వని విషయంలో పెద్ద శబ్దానికీ స్పష్టతకూ తేడా ఉంది. వార్తలు, మాటలు వినడానికి కావలసింది మనిషి గొంతు విడివిడిగా వినబడడం. గుమ్‌గుమ్‌మనే స్పీకర్ పాటలకు నప్పుతుంది గాని మాటల చివరి అక్షరాలను మింగేస్తుంది. దుకాణంలో పాట వచ్చే స్టేషన్ పెట్టి కాక, మాట్లాడే స్టేషన్ పెట్టి, ధ్వనిని బాగా తగ్గించి వినండి. తగ్గించినప్పుడు కూడా మాట తెలిస్తే ఆ స్పీకర్ మంచిది. నిద్రపోయేముందు వినేవారికి దానంతట అదే ఆగిపోయే టైమర్ ఉంటే సెల్స్ ఆదా అవుతాయి. మెమరీ కార్డు, రంగు రంగుల దీపాలు వంటివాటి గురించి నాకు చెప్పడానికేమీ లేదు.

7. దుకాణంలో పరీక్షించకుండా కొనకండి

డాబాగార్డెన్స్‌లో గాని, జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల గాని, గాజువాకలో గాని దుకాణానికి వెళ్ళేటప్పుడు మీరు రాసుకున్న కాగితాన్నీ, కొత్త పెన్సిల్ సెల్స్‌నూ వెంట తీసుకువెళ్ళండి. పగటి పూట వెళ్ళండి, ఎందుకంటే రాత్రి వేళ దూరపు స్టేషన్లు కలగాపులగంగా వచ్చి ఊరి కేంద్రం బలం ఎంతో తెలియనివ్వవు. దుకాణం లోపల దీపాలూ టీవీలూ నిండి ఉంటాయి కాబట్టి అక్కడ మీడియం వేవ్ బర్రుమంటే రేడియోను తప్పు పట్టకూడదు. దుకాణదారును అడిగి, రేడియోను గుమ్మం బయటికి తీసుకువచ్చి, అడాప్టర్ కాక సెల్స్ మీదనే పెట్టి పరీక్షించండి.

మొదట 927 పట్టండి. సరిగ్గా ఆ అంకె మీద ఆగుతుందో లేదో చూడండి. తరువాత రేడియోను అలాగే పట్టుకొని మీరు నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఒక దిశలో ధ్వని బలంగా, మరొక దిశలో సన్నగా ఉండాలి, ఆ తేడా కనిపిస్తే లోపలి ఫెరైట్ కడ్డీ సక్రమంగా పనిచేస్తున్నట్టే. ఎటు తిరిగినా ఒకే గరగర వస్తే అది వద్దు. చౌక అంకెల రేడియోలలో కొన్నింటికి తమ తెర నుంచే శబ్దం పుడుతుంది. స్టేషన్ లేని చోట పెట్టి, తెర దీపం వెలిగి ఆరినప్పుడు గరగర మారుతోందేమో వినండి.

ఆ తరువాత 102.0 పట్టి, ఏరియల్‌ను పూర్తిగా లాగి ఒకసారి, మడిచి ఒకసారి వినండి. దగ్గరి స్టేషన్ ఒక్కటే రెండు మూడు వేర్వేరు అంకెల దగ్గర వినబడుతుంటే ఆ రేడియోకు స్టేషన్లను విడదీసే శక్తి తక్కువన్న మాట. బ్యాండ్‌విడ్త్, అంటే స్టేషన్ అంకెకు అటూ ఇటూ ఎంత మేర తరంగాన్ని లోపలికి రానివ్వాలన్నది, మార్చుకునే ఏర్పాటు ఉంటే 927 మీద వెడల్పుగా పెట్టి వినండి, గొంతు విప్పారినట్టు ఉంటుంది. రాత్రి దూరపు స్టేషన్ వినేటప్పుడు సన్నగా పెడితే పక్క స్టేషన్ చొరబడదు. చివరగా రెండు స్టేషన్లను మీటలకు కేటాయించి, సెల్స్ తీసి, కొద్ది నిమిషాలాగి మళ్ళీ వేయండి. జ్ఞాపకం పెట్టుకున్న స్టేషన్లు అలాగే ఉండాలి. సెల్స్ మార్చినప్పుడల్లా మరచిపోయే రేడియోను పెద్దవారికి ఇస్తే, ప్రతిసారీ మీరే వచ్చి పెట్టవలసి వస్తుంది.

బిల్లు, దుకాణం ముద్ర వేసిన వారంటీ కార్డు తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే ఇవే పరీక్షలన్నీ తిరిగి ఇచ్చే గడువు లోపల ఇంట్లోనే చేయండి.

8. ఇంట్లో సరైన చోట పెట్టండి

రేడియోను ఇంటికి తెచ్చాక ముందు కిటికీ పక్కన పెట్టి చూడండి. మీడియం వేవ్ ఏ దిశలో బాగా వస్తుందో రేడియోను తిప్పి తెలుసుకోండి. ఫెరైట్ కడ్డీ సాధారణంగా రేడియో పొడవునా ఉంటుంది కాబట్టి, రేడియో ముందు వైపో వెనుక వైపో కేంద్రం దిక్కుకు ఉన్నప్పుడు ధ్వని బలంగా ఉంటుంది, పక్క అంచు అటు తిరిగినప్పుడు సన్నగిల్లుతుంది. ఈ గుణాన్ని చప్పుడును తగ్గించడానికి కూడా వాడుకోవచ్చు: చప్పుడు వచ్చే వస్తువు వైపు రేడియో అంచు తిరిగేటట్టు పెడితే అది తగ్గుతుంది.

బర్రుమనే శబ్దం ఇంకా ఉంటే ఇంట్లో ఒక్కొక్క స్విచ్చి ఆపుతూ వినండి. ఛార్జర్‌ను ప్లగ్గు నుంచి పూర్తిగా తీయాలి, దానికి ఫోన్ తగిలించకపోయినా అది శబ్దం చేస్తుంది. దోషి దొరికితే రేడియోను దానికి రెండు మూడు అడుగులు దూరం జరిపినా చాలా తేడా తెలుస్తుంది. రేడియోను యూ.ఎస్.బి. ద్వారా ఛార్జ్ చేస్తూ మీడియం వేవ్ వినడం మంచిది కాదు, ఆ తీగ వెంబడే చప్పుడు లోపలికి వస్తుంది. ఎఫ్.ఎం. సరిగా రాని ఇంట్లో, ఏరియల్ కొనకు రెండు మూడు మీటర్ల మామూలు వైరు చుట్టి కిటికీ నుంచి వేలాడదీస్తే మెరుగవుతుంది. ఉరుములు మెరుపులు మొదలైతే మాత్రం ఆ వైరును వెంటనే తీసివేయాలి.

9. ఉప్పుగాలి నుంచి కాపాడండి

లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచిరోడ్డు వంటి సముద్రపు ఒడ్డున ఉన్న ఇళ్ళలో ఇనుప వస్తువు ఏదైనా తొందరగా తుప్పు పడుతుంది. రేడియోలో మొదట దెబ్బ తినేవి సెల్స్ పెట్టే చోట ఉండే స్ప్రింగులు, ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం, ఏరియల్ కీలు. నెలకొకసారి సెల్స్ మూత తీసి చూసి, స్ప్రింగుల మీద తెల్లగా గాని పచ్చగా గాని చిలుము కనిపిస్తే, సెల్స్ తీసి పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్ది, పొడి బట్టతో తుడవండి. తడి బట్ట వాడకండి. కొన్ని వారాలపాటు వినరనుకుంటే సెల్స్ తీసి విడిగా పెట్టండి. అంకెల రేడియో ఆపి ఉన్నా దాని గడియారం కొద్ది కొద్దిగా విద్యుత్తు తాగుతూనే ఉంటుంది, నీరసించిన సెల్స్ లోపల కారి స్ప్రింగులను తినేస్తాయి. పాత సెల్‌నూ కొత్త సెల్‌నూ కలిపి ఎన్నడూ వేయకండి. వాడనప్పుడు రేడియోను మూత గట్టిగా పట్టే డబ్బాలో, మందుల సీసాలలో వచ్చే తేమ పీల్చే చిన్న సంచులు రెండు వేసి ఉంచితే చాలు.

మన తీరానికి తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఈ రెండు కాలాలకూ ముందు ఒకసారి, సెల్స్ మీదనే పెట్టి, పగలు 927, చీకటి పడ్డాక 837, 738 వినబడుతున్నాయో లేదో సరిచూసి, విప్పని కొత్త సెల్స్ కట్ట ఒకటి ఆ డబ్బాలోనే పెట్టండి. మీరు ఊళ్ళో లేని వేళ ఇంట్లో ఉన్నవారు తామే పెట్టుకోగలిగేటట్టు, ఆ మూడు అంకెలనూ పెద్ద అక్షరాలతో రాసి రేడియో వెనుక అతికించండి.